గుమ్మడి నర్సయ్య: అరక పట్టిన రైతు, ఐదుసార్లు ఎమ్మెల్యే. సైకిల్ కథ దాటి మనం చదవాల్సిన చరిత్ర



మొన్న హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక గ్రూప్స్‌కి చదువుతున్న మా బ్యాచ్‌లో ఒక ముచ్చట నడిచింది. 1/70 ఎప్పుడొచ్చింది, పీసా ఏ సంవత్సరం, సమతా తీర్పు ఏ సంవత్సరం అని అడుగుతుంటే అందరం టకటకా చెప్తున్నాం. అప్పుడు ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఇవన్నీ వచ్చినప్పుడు అసెంబ్లీలో మన సీట్లలో ఎవరు కూర్చున్నారు? వాళ్లు ఎట్లా గెలిచారు?" మాకు ఇద్దరు ముగ్గురు మంత్రుల పేర్లు తప్ప ఏమీ గుర్తు రాలేదు. ఒకరు మాత్రం "ఇల్లందు సైకిల్ ఎమ్మెల్యే ఉండె కదా" అన్నారు. అందరం నవ్వాం.

తర్వాత ఆ నవ్వే మమ్మల్ని గుచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా శాసనసభలో ఉన్న ఒక కోయ రైతు గురించి మాకు తెలిసింది ఒక్క సైకిలేనా? తేదీలు బట్టీ పట్టినం గానీ ఆ తేదీల మధ్యలో బతికిన మన మనిషిని చదవలేదు. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ఆయన పుట్టిన నేల

గుమ్మడి నర్సయ్య గారిది ఖమ్మం జిల్లా సింగరేణి మండలం టేకులగూడెం. కోయ కుటుంబం, వ్యవసాయం. ఎమ్మెల్యే కాకముందు ఆయన రైతు, ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు రైతు, పదవి పోయిన తర్వాత కూడా రైతే. ఈ మాట పొగడ్తకు రాయడం లేదు. ఆయన రాజకీయం అర్థం కావాలంటే ముందు ఆ నేల అర్థం కావాలి.

సింగరేణి అనగానే మనకు బొగ్గు కంపెనీ గుర్తొస్తుంది. కానీ ముందు అది ఒక ఊరి పేరు. 1871లో కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించాడు. 1880ల చివరికల్లా నిజాం రాజ్యంలో అనుమతి పొందిన కంపెనీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. ఇల్లందును మన పెద్దోళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది, దేశమంతా ఆ పేరు తెలిసింది. తర్వాత కంపెనీ కేంద్రం కొత్తగూడెం పోయింది. బొగ్గు రైళ్లెక్కి పోయింది. పైన నేల మీద ఉన్న కోయ గూడేలు మాత్రం వానకాలం చెలక, అడవిలో పోడు, ఎండాకాలం తునికాకు, ఇప్పపువ్వు, ఇట్లానే బతికాయి.

అంటే ఇల్లందులో రెండు లోకాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకపక్క గని కార్మికులు, యూనియన్లు, జీతాలు, బజారు. ఇంకోపక్క గూడేలు, తండాలు, ఫారెస్టోళ్ల కేసులు, షావుకారు అప్పులు. ఈ రెండు లోకాల ఓట్లూ కలిస్తేనే ఇల్లందులో ఎవరైనా గెలుస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

భూమి గొడవ ఎక్కడ మొదలైంది

మన దగ్గర రాజకీయం అంటే మొదట భూమి. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం నేలకొరిగిన తర్వాతే నిజాం సర్కారు ఆదివాసీల భూమి గురించి ఆలోచించడం మొదలుపెట్టింది. 1949లో హైదరాబాద్ రాష్ట్రంలో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1959లో వచ్చిన భూ బదలాయింపు నిషేధ రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. దాన్ని సవరిస్తూ 1970లో వచ్చిందే మనం 1/70 అని పిలుచుకునేది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చినదే అని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాడే.

కాగితం మీద ఇంత గట్టి చట్టం దేశంలో చాలా తక్కువ చోట్ల ఉంది. కానీ రికార్డు ఎవరి చేతుల్లో ఉంది? ఊళ్లో పటేలు, పట్వారీ చేతుల్లో. పహాణీలో పేరు ఎవరిది రాస్తే భూమి వాళ్లది. ఆ వంశపారంపర్య వ్యవస్థ 1984లో గానీ రద్దు కాలేదు. అంటే 1/70 వచ్చాక కూడా పద్నాలుగేళ్లు మన భూమి లెక్క మన మీద పెత్తనం చేసినోళ్ల పుస్తకంలోనే ఉంది.

అడవి సంగతి ఇంకోటి. తాతల కాలం నుంచి కొట్టుకుని దున్నుకున్న పోడుకు పట్టా లేదు. 1980లో కేంద్రం అటవీ సంరక్షణ చట్టం తెచ్చాక అటవీ భూమిని ఇంకో పనికి ఇవ్వాలంటే ఢిల్లీ అనుమతి కావాలి. మన పోడు చట్టం దృష్టిలో ఆక్రమణ అయింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు పోయిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నర్సయ్య గారు మొదటిసారి ఎమ్మెల్యే అయ్యింది ఇంద్రవెల్లి జరిగి రెండేళ్లు కూడా నిండకముందే. ఆ రోజుల్లో ఏజెన్సీ ఎట్లా ఉండేదో మీరే ఊహించుకోండి.

విప్లవ పార్టీ, ఓట్ల పెట్టె

శ్రీకాకుళం పోరాటం అణిగిపోయిన తర్వాత గోదావరి లోయలో, అంటే ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి అడవుల్లో, కమ్యూనిస్టు విప్లవకారులు ఆదివాసీల మధ్యనే పని చేస్తూ వచ్చారు. తునికాకు కట్ట రేటు, కూలి రేటు, వడ్డీ, ఫారెస్టోళ్ల మామూళ్లు, ఇవే అక్కడి గొడవలు. యాభై ఆకులు ఒక కట్ట. ఆ కట్టకు ఎన్ని పైసలు అనేదాని మీద ఎండాకాలం రెండు నెలలు ఇల్లు గడుస్తుందా లేదా అనేది తేలుతుంది. తునికాకు వ్యాపారాన్ని ప్రభుత్వ అధీనంలోకి తెచ్చే చట్టం 1971లోనే వచ్చింది. అయినా కల్లం దగ్గర రేటు పెరిగింది జనం సంఘంగా నిలబడి ఆకు కోయం అని కూర్చున్నప్పుడే.

ఎమర్జెన్సీ తర్వాత ఈ విప్లవ గ్రూపుల మధ్య పెద్ద చర్చ నడిచింది. ఎన్నికల్లో నిలబడాలా, బహిష్కరించాలా? 1980లో ఏర్పడిన పీపుల్స్ వార్ బహిష్కరణ అంది. చండ్ర పుల్లారెడ్డి నాయకత్వంలోని గ్రూపు మాత్రం ఎన్నికలను కూడా వాడుకోవాలి, అసెంబ్లీని కూడా జనం గొడవ వినిపించే చోటు చేసుకోవాలి అంది. నర్సయ్య గారు ఆ బాటలో వచ్చిన మనిషి. తర్వాతి కాలంలో ఆ పాయే న్యూడెమోక్రసీ పేరుతో మనకు తెలుసు.

ఎవరి వాదన కరెక్టు అనేది ఇక్కడ తేల్చడం మా ఉద్దేశం కాదు. మన గ్రూపులో అన్ని ఆలోచనల వాళ్లం ఉన్నాం. మేం చెప్పేది ఇది: నర్సయ్య గారిని అసెంబ్లీకి పంపింది ఆయన ఒక్కడి మంచితనం కాదు. తునికాకు కల్లం దగ్గర, పోడు దగ్గర ఏళ్ల తరబడి పని చేసిన ఒక సంఘం ఆయన్ని నిలబెట్టింది, గెలిపించింది, గెలిచాక కనిపెట్టుకుని ఉంది. సైకిల్ ఫొటోలో ఈ సంఘం కనపడదు. అసలు కథ అక్కడుంది.

ఐదు గెలుపులు, ఐదు గాలులు

ఇప్పుడు ఎన్నికల లెక్క చూద్దాం. మేం దీన్ని హాస్టల్లో పేపర్ మీద రాసుకుని చూసినప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాం.

1983 జనవరి. ఎన్టీఆర్ చైతన్య రథం ఊరూరా తిరిగింది. తొమ్మిది నెలల కిందట పుట్టిన తెలుగుదేశం 294 సీట్లలో 200కు పైగా గెలిచింది. ఆ గాలిలో ఇల్లందు నుంచి గెలిచింది గుమ్మడి నర్సయ్య.

1985 మార్చి. తెలుగుదేశానికి మళ్లీ 200 దాటాయి. ఇల్లందులో మళ్లీ నర్సయ్య.

1989. గాలి తిరగబడింది. కాంగ్రెస్ 181 సీట్లతో వచ్చింది. ఇల్లందు మాత్రం తిరగలేదు, మళ్లీ ఆయనే.

1994. తెలుగుదేశం ఒక్కటే 216 గెలిచింది, సీపీఐ, సీపీఎం దానికి మిత్రపక్షాలు. ఈసారి ఆయన ఓడిపోయారు, సీపీఐ అభ్యర్థి గెలిచారు.

1999. తెలుగుదేశానికి 180. ఇల్లందులో నర్సయ్య తిరిగి గెలిచారు.

2004. కాంగ్రెస్‌కు 185, కొత్తగా వచ్చిన టీఆర్ఎస్‌కు 26. ఇల్లందులో ఐదోసారి నర్సయ్య.

ఈ ఐదుసార్లలో ఒక్కసారి కూడా ఆయన గాలి పార్టీ మనిషి కాదు. రాష్ట్రమంతా ఒకవైపు ఊగితే ఇల్లందు తన మనిషిని తాను పెట్టుకుంది.

ఇంకో లెక్క కూడా సరిచూసుకుందాం. ఐదుసార్లు కాబట్టి పాతికేళ్లు ఎమ్మెల్యే అని చాలామంది రాస్తుంటారు. 1983లో వచ్చిన సభ 1984 నవంబర్‌లోనే రద్దయింది. 1999లో వచ్చిన సభ 2003 నవంబర్‌లో రద్దయింది. సభలు నడిచిన కాలం కూడితే దాదాపు 21 ఏళ్లు అవుతుంది. ఇది తక్కువ చేయడానికి చెప్పడం లేదు. మన చరిత్ర మనమే రాసుకునేటప్పుడు లెక్క తప్పు రాస్తే రేపు ఇంకెవరో వచ్చి మొత్తం కథే అబద్ధం అంటారు. అందుకని.

గుర్తు కూడా లేని ఎన్నిక

ఇంకో విషయం మన తరం వాళ్లకు తట్టదు. గుర్తింపు పొందిన పార్టీకి పర్మనెంట్ గుర్తు ఉంటుంది. చెయ్యి, సైకిల్, కంకి కొడవలి, చదువు రాని ముసలవ్వ కూడా గుర్తుపడుతుంది. గుర్తింపు లేని పార్టీ మనిషికి, ఇండిపెండెంటుకు ఆ వీలు లేదు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక ఎన్నికల సంఘం దగ్గర మిగిలి ఉన్న గుర్తుల్లో ఒకటి ఇస్తారు. అక్కడి నుంచి పోలింగ్‌కు మిగిలేది కొద్ది రోజులు. 1996 వరకు కనీసం 20 రోజులు ఉండేది, తర్వాత చట్టం మార్చి 14 రోజులు చేశారు.

ఆ రెండు మూడు వారాల్లో ప్రతి గూడానికి, ప్రతి తండాకు, ప్రతి గని కార్మికుల వాడకు "ఈసారి మన గుర్తు ఇది" అని చేరవేయాలి. టీవీ లేదు, ఫోన్ లేదు, వాట్సాప్ లేదు. కాలినడకన, ఎడ్లబండి మీద, సైకిల్ మీద, బస్సు టాపు మీద ఆ కబురు చేరాలి. చందాలు వేసుకుని, డప్పు కొట్టి, పాట పాడి చేర్చారు. మనిషికి మనిషి చెప్పుకుంటేనే అది సాధ్యం. ఐదుసార్లు సాధ్యమైంది.

ఇంతకుముందు గుర్తుపెట్టుకోమన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఇల్లందులో కోయలు ఉన్నారు, లంబాడీలు ఉన్నారు, గని కార్మికులు ఉన్నారు, బజారులో గిరిజనేతరులు ఉన్నారు. ఒక్క కోయ ఓట్లతో ఎవరూ ఇక్కడ ఐదుసార్లు గెలవలేరు. భూమి, కూలి, ఆకు రేటు అనే గొడవల మీద వీళ్లంతా ఒక మనిషి వెనక నిలబడ్డారు. ఈ రోజు మనలో మనకే గీతలు గీసే వాళ్లు ఎక్కువైనప్పుడు ఈ ఒక్క సంగతి అయినా మనం చదవాలి.

ఎమ్మెల్యే అయ్యాక

ఇప్పుడు సైకిల్ దగ్గరికి వద్దాం. అవును, ఆయన హైదరాబాద్‌లో అసెంబ్లీకి సైకిల్ మీద వెళ్లారు. ఊరికి ఆర్టీసీ బస్సులో, రైల్లో వచ్చారు. వచ్చిన జీతం పార్టీకి ఇచ్చి, పార్టీ ఖర్చులకు ఇచ్చినంత తీసుకున్నారని ఆయన్ని ఎరిగినోళ్లంతా చెప్తారు, పత్రికల్లో కూడా ఎన్నోసార్లు వచ్చింది. సొంతానికి బంగళా లేదు, కారు లేదు.

దీన్ని చాలామంది సాధుగుణంగా చెప్తారు. మాకు మాత్రం ఇంకోలా అర్థమవుతోంది. ఎమ్మెల్యే జీతం మనిషి జేబులోకి కాకుండా సంఘం పెట్టెలోకి పోతే ఆ మనిషి సంఘానికి జవాబు చెప్పాలి. బస్సులో వస్తే బస్సులో పక్కన కూర్చున్నోడికి జవాబు చెప్పాలి. పోడు రైతుగా తన చేను తానే దున్నుకుంటే ఫారెస్టోళ్లు వచ్చినప్పుడు పక్క చేనోడు ఏం పడ్డాడో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అద్దాలెక్కించిన బండిలో వెళ్లే నాయకుడికి ఆ బాధ దరఖాస్తు రూపంలోనే తెలుస్తుంది.

ఆయన ఒక్కరే ఇట్లా ఉన్నారని కూడా అనుకోవద్దు. పక్కనే భద్రాచలం నుంచి సీపీఎం తరఫున కుంజా బొజ్జి గారు 1985, 1989, 1994లో మూడుసార్లు గెలిచారు. ఆయన కూడా కోయ, ఆయన కూడా నిరాడంబరంగా బతికి 2021లో మనల్ని విడిచి వెళ్లారు. ఒకే కాలంలో ఒకే సభలో పక్కపక్క ఏజెన్సీ సీట్ల నుంచి ఇద్దరు ఇట్లాంటి కోయ మనుషులు కూర్చున్నారు. అది ఊరికే జరగలేదు. ఆ నేల మీద భూమి పోరాటాలు ఉన్నాయి కాబట్టి అట్లాంటి మనుషులు వచ్చారు.

ఎస్టీ సీటుకు ఉన్న అసలు బలం ఏంటి? ఉమ్మడి రాష్ట్రంలో అప్పుడు 294లో ఎస్టీ సీట్లు 15. ఓట్ల లెక్కలో ఇవి చాలా తక్కువ. కానీ రాజ్యాంగం ఐదో షెడ్యూల్ నాలుగో పేరా చూడండి. గిరిజన సలహా మండలిలో 20 మందికి మించకుండా సభ్యులు ఉండాలి, అందులో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఎస్టీ ఎమ్మెల్యేలే అయి ఉండాలి. ఏజెన్సీ భూమి మీద గవర్నర్ ఏ రెగ్యులేషన్ చేయాలన్నా ఆ మండలిని సంప్రదించాలి. అంటే 15 మందే అయినా, వాళ్లు గట్టిగా నిలబడితే 1/70ని సడలించడం తేలిక కాదు. వాళ్లు మెత్తబడితే చట్టం ఉన్నా లేనట్టే. రిజర్వేషన్ మనకు కుర్చీ ఇచ్చింది. ఆ కుర్చీలో కూర్చున్నోడు ఎవరి మాట వింటాడు అనేది రిజర్వేషన్ చేతిలో లేదు, మన చేతిలో ఉంది.

జరగనివి కూడా చెప్పుకోవాలి

మంచి మాత్రమే రాస్తే అది చరిత్ర కాదు, భజన. ఐదుసార్లు గెలిచినా ఆయన సభలో ప్రభుత్వం కాదు, ప్రతిపక్ష నాయకుడు కూడా కాదు. ప్రశ్న అడగొచ్చు, వినతిపత్రం ఇవ్వొచ్చు, ధర్నాలో కూర్చోవచ్చు. జీవో తీసే పెన్ను ఆయన చేతిలో లేదు. పోడు పట్టాలు ఆయన మొదటి టర్మ్‌లో రాలేదు, రెండో టర్మ్‌లో రాలేదు, నాలుగో టర్మ్‌లో కూడా రాలేదు.

అందుకే ఊళ్లల్లో ఒక మాట ఉండేది, ఇప్పటికీ ఉంది: "నర్సయ్య మంచోడే, కానీ రూలింగ్ పార్టీ కాదు, పనులెట్లయితయి?" ఈ మాటను మేం కొట్టిపారేయం. రోడ్డు, బోరు, బిల్డింగు శాంక్షన్ కావాలంటే అధికార పార్టీ ఎమ్మెల్యేకు తేలిక అన్నది నిజమే. కానీ ఒక్కటి అడుగుదాం. అదే కాలంలో అధికార పార్టీ ఎమ్మెల్యేలు ఉన్న ఏజెన్సీ సీట్లలో పోడు పట్టాలు వచ్చాయా? రాలేదు. అటవీ హక్కుల చట్టం 2006లో పార్లమెంటులో అయ్యింది, 2007 డిసెంబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతా ఆదివాసీలు రోడ్డెక్కితే, లెఫ్ట్ పార్టీలు ఒత్తిడి పెడితే వచ్చిన చట్టం అది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నవాళ్లకు హక్కు ఉంటుంది, ఒక్కో కుటుంబానికి నాలుగు హెక్టార్ల వరకు, దరఖాస్తు మొదలయ్యేది గ్రామసభ దగ్గర. ఇల్లందు గూడేలు దశాబ్దాలుగా అడిగింది కూడా ఇదే. ఈ చట్టం వచ్చేటప్పటికి ఆయన ఐదోసారి ఎమ్మెల్యే.

ఆ తర్వాతి ఎన్నికల్లోనే, 2009లో ఆయన ఓడిపోయారు. మళ్లీ గెలవలేదు. ఎందుకు? నియోజకవర్గాల హద్దులు మారాయి. కూటములు మారాయి. విప్లవ పార్టీలు చీలికల మీద చీలికలు అయ్యాయి. తునికాకు కల్లం దగ్గర కూర్చునే సంఘం బలహీనపడింది. ఎన్నికల్లో డబ్బు ఎట్లా పెరిగిందో మనందరికీ తెలుసు, మన ఇళ్లల్లోనే తెలుసు. ఓటుకు వచ్చిన నోటు మన అమ్మ కొంగులో కూడా ఉంది. దీన్ని ఒప్పుకోకుండా "జనం మంచోళ్లను గెలిపించరు" అని ఎవరి మీదో నెట్టేస్తే లాభం లేదు. ఆ జనం మనమే.

ఇంకో మార్పు కూడా గమనించండి. 2016లో జిల్లాలు విడగొట్టాక ఇల్లందు నియోజకవర్గం మూడు జిల్లాల్లో పడింది. ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో, కామేపల్లి ఖమ్మంలో. ఒక పోడు సమస్య మీద ముగ్గురు కలెక్టర్లకు దరఖాస్తు పెట్టాలి. జనం ఒక్కచోట కూడటమే కష్టమైన రోజులివి.

మళ్లీ చేను దగ్గరికి

ఓడిపోయాక చాలామంది మాజీలు పార్టీ మారతారు, కాంట్రాక్టులు చేస్తారు, హైదరాబాద్‌లో స్థిరపడతారు. నర్సయ్య గారు ఊరికి పోయి వ్యవసాయం చేసుకున్నారు. అరక దగ్గర ఆయన ఫొటోలు మీరు కూడా చూసే ఉంటారు.

2025 ఫిబ్రవరిలో ఒక వీడియో మన ఫోన్లన్నింట్లో తిరిగింది. ముఖ్యమంత్రిని కలవడానికి వచ్చి, లోపలికి అనుమతి దొరక్క రోడ్డు పక్కన నిలబడిన నర్సయ్య గారు. తర్వాత ముఖ్యమంత్రి ఆయన్ని పిలిచి మాట్లాడారు. ఆ వీడియో చూసి అందరం బాధపడ్డాం, కోపం తెచ్చుకున్నాం, షేర్ చేశాం. అదే సంవత్సరం ఆయన జీవితం మీద సినిమా కూడా ప్రకటించారు, కన్నడ నటుడు శివరాజ్‌కుమార్ ఆ పాత్ర వేస్తున్నారు. సంతోషమే.

కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు ఆయన చేతిలో ఒక వినతిపత్రం ఉంది. తనకు పెన్షన్ పెంచమని కాదు, ఇల్లు ఇమ్మని కాదు, తన ప్రాంతం జనం సమస్యల మీద. మనలో ఎంతమందిమి ఆ కాగితంలో ఏముందని అడిగాం? "పాపం పెద్దాయన" అన్నాం, వీడియో పంపించాం, మర్చిపోయాం. సైకిల్ విషయంలో చేసిన తప్పే మళ్లీ చేశాం. మనిషిని చూసి జాలి పడ్డాం, ఆయన ఏ పని మీద వచ్చాడో వదిలేశాం.

మనం చేయాల్సింది

2023లో రాష్ట్రంలో సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చారు. ఇంకా రానివాళ్లు ఎందరో మన ఊళ్లల్లోనే ఉన్నారు. అంతకుముందు హరితహారం పేరుతో పోడు చేలల్లో మొక్కలు నాటినప్పుడు, కందకాలు తవ్వినప్పుడు ఏం జరిగిందో మనం మర్చిపోలేదు. ఏజెన్సీ టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. మన బ్యాచ్‌లో డీఎస్సీకి చదివేవాళ్లకు ఆ దెబ్బ ఏంటో తెలుసు. దీని మీద కొత్త రెగ్యులేషన్ తేవాలంటే మళ్లీ ఐదో షెడ్యూల్, మళ్లీ గిరిజన సలహా మండలి, మళ్లీ ఎస్టీ ఎమ్మెల్యేలే.

ఇప్పుడు తెలంగాణ అసెంబ్లీలో 119లో 12 ఎస్టీ సీట్లు ఉన్నాయి. ఆ 12 మంది సలహా మండలిలో ఏం మాట్లాడారో మనలో ఎవరమైనా ఎప్పుడైనా అడిగామా? సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెడితే మీటింగ్ మినిట్స్ అడగొచ్చు. పది రూపాయల పని. చదువుకున్నది మనమే కదా, మన ఊళ్లల్లో ఆ పని ఇంకెవరు చేస్తారు?

ఇంకోటి. మీ తాతలను, నాయనమ్మలను అడగండి. 1983లో ఓటు ఎట్లా వేశారు, గుర్తు ఎవరు చెప్పారు, మీటింగ్ ఎక్కడ జరిగింది, ఆకు రేటు ఎప్పుడు పెరిగింది అని. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ తరం వెళ్లిపోతోంది. వాళ్లతో పాటు సంఘం ఎట్లా కట్టారో ఆ జ్ఞాపకం కూడా పోతే, మనకు నిజంగానే సైకిల్ ఫొటో ఒక్కటే మిగులుతుంది.

గుమ్మడి నర్సయ్య గారి లాంటి మనిషి మళ్లీ పుడతాడా అని చాలామంది కామెంట్లలో రాస్తుంటారు. మా మాట ఏంటంటే, అట్లాంటి మనుషులు మన గూడేల్లో ఎప్పుడూ ఉన్నారు, ఈ రోజు కూడా ఏదో చేనులో అరక దున్నుతున్నారు. వాళ్ల వెనక నిలబడి, గెలిపించి, గెలిచాక లెక్క అడిగే సంఘమే ఇప్పుడు లేదు. అది కట్టాల్సింది మనం.

తప్పులుంటే పెద్దలు సరిచేయండి. ఇల్లందు, కారేపల్లి, బయ్యారం, గార్ల వైపు అన్నలు, అక్కలు మీ ఇళ్లల్లో విన్న సంగతులు కింద రాయండి.

జోహార్. జై ఆదివాసీ.